పాత కంప్యూటరునకు తగిన కెర్నెల్

గ్రామ పంచాయతీ కార్యాలయమునకు నేడు కంప్యూటరు అలంకారము కాదు, అవసరము. పంచాయతీల ప్రణాళికలును జమాఖర్చులును 2020 ఏప్రిల్ 24వ తేదీన ప్రారంభమైన ఈ-గ్రామ్‌స్వరాజ్ వ్యవస్థలో నమోదగుచున్నవి. చెల్లింపులు డిజిటల్ సంతకముతో సాగుచున్నవి. ఇట్టి స్థితిలో కార్యాలయపు కంప్యూటరు మందగించినచో గ్రామపు పనియే మందగించినట్లగును.

“ఇది పాతబడినది, క్రొత్తది కొనవలెను” అను మాట సభ్యులకు వినవచ్చుచుండును. ఆ మాట కొన్ని యెడల నిజము, కొన్ని యెడల కాదు. 2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10 నకు సాధారణ సంరక్షణ ముగిసినది. దాని తరువాతిదైన విండోస్ 11 నకు 4 గిగాబైట్ల మెమరీ, 64 గిగాబైట్ల నిల్వస్థలము, టీపీఎం 2.0 అను భద్రతాభాగము ఉండవలెనని నియమము. ఇంటెల్ ప్రాసెసర్లలో సాధారణముగా 2017లో మొదలైన ఎనిమిదవ తరమునకు పూర్వపువి అందులకు అంగీకృతములు కావు. కావున చక్కగా నడచుచున్న యంత్రములు పెక్కు ఆ ఒక్క తేదీతో పనికిరానివాటి పట్టికలోనికి చేరినవి. వానిలో ఏ భాగమును విరుగలేదు, కాలలేదు. వానిని నడపు కార్యక్రమమునకు మాత్రమే అవి చాలకపోయినవి.

ప్రజల పన్ను సొమ్ముతో కొన్న వస్తువును త్రోసివేయుటకు తీర్మానము చేయుటకు ముందు సభ్యులు ఒక సంగతి తెలిసికొనవలెను. కంప్యూటరు పనితనము యంత్రము మీదనే కాక, దానిని నడపు కెర్నెల్ మీద గూడ ఆధారపడియుండును. ఆ కెర్నెల్‌ను యంత్రమునకు తగినట్లు అమర్చుకొను మార్గము కలదు. ఆ మార్గమేమో, దానివలన ఎంత మేలు కలుగునో, ఎంత కలుగదో వివరించుటయే ఈ వ్యాసోద్దేశము.

కెర్నెల్ అనగా నేమి?

కెర్నెల్ అను ఇంగ్లీషు మాటకు గింజలోని పప్పు అని అర్థము. కంప్యూటరులో పనిచేయు కార్యక్రమములన్నిటికి అడుగున నుండి, వానిని నడిపించు మూల కార్యక్రమమునకు ఈ పేరు వచ్చినది. మనము తెరపై చూచు ఉత్తరములు, పట్టికలు, చిత్రములు పైపొట్టు వంటివి. కెర్నెల్ కంటికి కనబడదు.

చెరువు క్రింది ఆయకట్టులో నీరుగంటి చేయు పని సభ్యులెరిగినదే. కొన్ని సీమలలో అతనిని నీరటి అందురు. చెరువులో నున్న నీరు కొంతే. పొలములు అనేకము. ఎవరి మడికి ఎప్పుడు, ఎంతసేపు నీరు వదలవలెనో నిర్ణయించి, ఒకరి వంతును మరొకరు కాజేయకుండ చూచువాడు నీరుగంటి. కెర్నెల్ చేయునదియు ఇదియే. ప్రాసెసరు కాలమును కార్యక్రమములకు వంతులుగా పంచును. మెమరీలో ఎవరి చోటు వారికి చూపును. డిస్కు, కీబోర్డు, ప్రింటరు మొదలగు పరికరములతో మాటలాడును. ఒక కార్యక్రమము మరియొక దాని హద్దులోనికి చొరబడకుండ కాపాడును.

నీరుగంటి సమర్థుడైనచో కొద్ది నీటితో ఎక్కువ మళ్లు తడియును. అయినను చెరువులో లేని నీటిని అతడు సృష్టింపలేడు. ఈ రెండు మాటలను చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను.

కెర్నెల్ ఏల బరువెక్కినది?

విండోస్ యొక్క కెర్నెల్ దానిని తయారుచేసిన సంస్థ చేతిలో నుండును. కొనుగోలుదారు దానిలోని భాగములను మార్చి తిరిగి తయారుచేయుటకు వీలు లేదు. లినక్స్ అను కెర్నెల్ అట్టిది కాదు. ఫిన్లండు దేశములోని హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ 1991లో దీనిని వ్రాయ మొదలిడెను. 1992 నుండి జీపీఎల్ అను అనుమతిపత్రము క్రింద దీని మూలపాఠమును ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును, మార్చిన దానిని ఇతరులకు పంచవచ్చును. కావున పాత యంత్రమునకు తగినట్లు కెర్నెల్‌ను దిద్దుకొనుట లినక్స్‌తో సామాన్యులకు సాధ్యమైనది.

ఆరంభమున లినక్స్ మిక్కిలి చిన్నది. 1991 సెప్టెంబరునాటి తొలి ప్రతిలో సుమారు పదివేల పంక్తులు మాత్రమే యుండెను. 1994 మార్చిలో వెలువడిన 1.0 ప్రతి నాటికి అవి 1,76,250 అయ్యెను. 2025 నాటికి సుమారు నాలుగు కోట్లకు చేరినవి. ఇందు అధిక భాగము లోకములోని నానావిధ పరికరములతో మాటలాడుటకు వ్రాయబడిన డ్రైవర్లు. చేతి గడియారము మొదలు మహాగణన యంత్రము వరకు ఒకే మూలపాఠము పనికివచ్చుచుండుటచే ఇంత పెరుగుదల కలిగినది.

పెరుగుదలతోపాటు విసర్జనయు సాగినది. టోర్వాల్డ్స్ తొలుత లినక్స్‌ను వ్రాసినది ఇంటెల్ 386 ప్రాసెసరు గల యంత్రము మీద. ఆ 386 నకే 2012 డిసెంబరులో మద్దతు తొలగింపబడెను. 2013 ఫిబ్రవరిలో వెలువడిన 3.8వ ప్రతి మొదలుకొని లినక్స్ దానిపై నడువదు. తాను పుట్టిన ఇంటిని లినక్స్ తానే విడిచినదన్నమాట. ఎంతటి పాత యంత్రమైనను ఎల్లకాలము నిలుపవచ్చునని భ్రమపడరాదనుటకు ఇది నిదర్శనము.

మొదట యంత్రపరీక్ష

రోగమెరుగక మందు ఇచ్చుట తగదు. యంత్రము మందగించుటకు కారణములు మూడు. వానిని వేరుచేసి చూడవలెను.

మొదటిది ప్రాసెసరు. అది 32 బిట్లదా, 64 బిట్లదా అని తెలిసికొనవలెను. 2006లో వెలువడిన ఇంటెల్ కోర్ 2 ప్రాసెసర్లు 64 బిట్లవి. కాని 2008లో చిన్న ల్యాప్‌టాపులలో వచ్చిన ఆటమ్ ఎన్270 అను ప్రాసెసరు 32 బిట్లది. కావున ఏడాదిని బట్టి గాక రకమును బట్టియే నిర్ణయింపవలెను. ఈ భేదము నేడు ముఖ్యమైనది. పేరుపొందిన డెబియన్ వ్యవస్థ 2023లో వెలువడిన 12వ ప్రతి వరకు 32 బిట్ల ఇంటెల్ యంత్రములకు కెర్నెల్ నిచ్చెను. 2025 ఆగస్టులో వెలువడిన 13వ ప్రతి నుండి ఇచ్చుట మానినది.

రెండవది మెమరీ. ఇది చాలనప్పుడు కెర్నెల్ కొంత సమాచారమును డిస్కు మీదికి నెట్టి, కావలసినప్పుడు తిరిగి తెచ్చుచుండును. దీనిని స్వాప్ అందురు.

మూడవది డిస్కు. తిరుగు పళ్లెముల హార్డ్ డిస్కులో ఒకచోటి నుండి మరియొకచోటి సమాచారమును వెదకి తెచ్చుటకు సుమారు సెకనులో నూరవ వంతు పట్టును. మెమరీ ఇదే పనిని దానికన్న లక్ష రెట్ల వేగముతో చేయును. కావున మెమరీ చాలక స్వాప్ మొదలైన కంప్యూటరు ఒక్కసారిగా కూలబడినట్లు కనబడును. తప్పు ప్రాసెసరుది కాదు. నీరు చాలక మైలు దూరపు బావి నుండి కడవలతో మోసినట్లు పని జరుగుచున్నది.

కెర్నెల్‌ను తగ్గించు విధము

కెర్నెల్‌ను మూలపాఠము నుండి తయారుచేయునపుడు ఏ భాగములు కావలెనో, ఏవి అక్కరలేదో తెలుపు పట్టిక యుండును. అందలి అంశములు పదివేలకు మించియుండును. పెక్కు అంశములకు మూడు విధములుగా సమాధానము చెప్పవచ్చును. కెర్నెల్‌లోనే చేర్చుట, విడిగా మాడ్యూలు రూపమున ఉంచుట, పూర్తిగా విడిచివేయుట.

మాడ్యూలనగా కొట్టులో నుంచిన పనిముట్టు వంటిది. రైతు పొలమునకు పోవునపుడు నాగలి, గొర్రు, పార, కొడవలి అన్నిటిని భుజముపై మోయడు. ఆనాటి పనికి కావలసినదే తీసికొనును. అట్లే ప్రింటరు తగిలించినప్పుడే దాని మాడ్యూలు మెమరీలోనికి వచ్చును. పంపిణీ వ్యవస్థలతో వచ్చు కెర్నెల్ అందరికిని పనికిరావలెను గనుక వేలకొలది మాడ్యూళ్లతో నుండును. ఒక్క కార్యాలయపు యంత్రమునకు కావలసినవి సాధారణముగా నూరు, రెండు వందలకు మించవు.

అన్ని అంశములను ఒక్కొక్కటిగా చదివి నిర్ణయించుట దుర్లభము. ఈ శ్రమను తగ్గించుటకు 2009 డిసెంబరులో వెలువడిన 2.6.32 ప్రతి నుండి లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ అను సాధనము కెర్నెల్‌తోనే లభించుచున్నది. అది ఆ క్షణమున యంత్రము వాడుచున్న మాడ్యూళ్లను లెక్కించి, వానిని మాత్రమే పట్టికలో నిలుపును. కాని ఒక జాగ్రత్త అవసరము. ఆ సమయమున తగిలించియుండని ప్రింటరు, స్కానరు, వేలిముద్ర యంత్రము, సంతకపు టోకెను లెక్కలోనికి రావు. కావున కార్యాలయమున వాడు పరికరములన్నిటిని ముందుగా తగిలించి, ఒక్కసారి నడిపి చూచిన పిదపనే ఈ సాధనమును ఉపయోగింపవలెను.

పట్టికలో చూడదగిన మరికొన్ని అంశములు గలవు. ప్రాసెసరు రకమును సరిగా సూచించినచో కెర్నెల్ ఆ ప్రాసెసరునకు అనువుగా తయారగును. 32 బిట్ల యంత్రములో మెమరీ 896 మెగాబైట్లకు లోబడియున్నచో హైమెమ్ అను ఏర్పాటు అనవసరము. నాలుగు గిగాబైట్లకు మించిన మెమరీ కొరకు ఏర్పడిన పీఏఈ పద్ధతియు చిన్న మెమరీకి భారమే, ఏలయనగా ఆ పద్ధతిలో చిరునామా పట్టికలోని ఒక్కొక్క పద్దు నాలుగు బైట్లకు బదులు ఎనిమిది బైట్లు ఆక్రమించును.

గడియారపు కొట్టుడు మరియొక అంశము. కెర్నెల్ సెకనునకు 100, 250, 300 లేక 1000 పర్యాయములు లేచి వంతులను పరిశీలించునట్లు అమర్చవచ్చును. నీరుగంటి గట్టు మీద అదేపనిగా తిరుగుచుండినచో పిలిచిన వెంటనే పలుకును. కాని తిరుగుటకే కొంత కాలము ఖర్చగును. అరుదుగా తిరిగినచో కాలము మిగులును, పిలుపు ఆలస్యముగా వినబడును. మనిషి ఎదుట కూర్చుండి పనిచేయు సామాన్య యంత్రమునకు 250 మధ్యేమార్గము.

ఇందువలన కలుగు మేలెంత?

ఇచ్చట సభ్యులు మోసపోకుండుట మంచిది. వాడని మాడ్యూలు మెమరీలోనికి రానేరాదు గనుక, దానిని తొలగించుటచే డిస్కు మీది చోటు మిగులును గాని మెమరీ మిగులదు. కెర్నెల్‌లోనే చేరిన అనవసర భాగములను తీసివేసినచో మిగులు మెమరీ కొన్ని మెగాబైట్లు, మిక్కిలి యైనచో కొన్ని పదుల మెగాబైట్లు. మొత్తము మెమరీ 256 మెగాబైట్లైన యంత్రములో అది చెప్పుకొనదగిన మేలు. రెండు గిగాబైట్ల యంత్రములో దానిని ఎవరును గుర్తింపజాలరు. నేటి వెబ్ బ్రౌజరు నాలుగైదు పుటలు తెరచినంతనే ఒక గిగాబైటునకు పైగా మ్రింగగలదు. గ్రామ కార్యాలయపు పనులు పెక్కు బ్రౌజరులోనే జరుగుచున్నవి గదా!

కావున కెర్నెల్‌ను చెక్కుటకన్న, ఉన్న కెర్నెల్‌లోని మంచి ఏర్పాట్లను వాడుకొనుట పెక్కు చోట్ల లాభకరము. అట్టివి మూడు గలవు.

జెడ్‌రామ్ అను ఏర్పాటు 2014 మార్చిలో వెలువడిన 3.14 ప్రతిలో పూర్తిస్థాయిలో చేరినది. మెమరీలో ఒక భాగమును ప్రత్యేకించి, ప్రస్తుతము అక్కరలేని సమాచారమును అందులో కుదించి ఉంచును. దూది బస్తాను త్రొక్కి కట్టినట్లు సమాచారము సాధారణముగా సగమునకో, మూడవ వంతునకో తగ్గును. డిస్కునకు పోవు పనిలేకుండ చాలవరకు ఇచ్చటనే తీరును. ఒకటి, రెండు గిగాబైట్ల యంత్రములకు ఇది గొప్ప ఊరట.

బీఎఫ్‌క్యూ అను డిస్కు వంతుల పద్ధతి 2017 జులైలో వెలువడిన 4.12 ప్రతిలో చేరినది. ఒక పెద్ద ఫైలు నకలగుచున్నప్పుడు గూడ మనిషి తెరచిన కార్యక్రమమునకు డిస్కు వంతు త్వరగా దొరకునట్లు ఇది చూచును. పళ్లెముల డిస్కు గల యంత్రములకు మేలైనది.

2022 డిసెంబరునాటి 6.1 ప్రతిలో చేరిన పలుతరముల ఎల్‌ఆర్‌యూ అను పద్ధతి, మెమరీలో ఏ సమాచారము నిజముగా పాతబడినదో మరింత సరిగా గుర్తించును. మెమరీ ఇరుకున నున్నప్పుడు దీనివలన పని నిలకడగా సాగును.

ఈ మూడింటికిని కెర్నెల్‌ను తిరిగి తయారుచేయవలసిన అవసరము సాధారణముగా నుండదు. తెలిసినవారు అమరికలను మార్చిన చాలును.

ఇక చెరువులో నీటినే పెంచు ఉపాయములు రెండు. మెమరీ పలకను అదనముగా అమర్చుట, పళ్లెముల డిస్కునకు బదులు ఎస్ఎస్‌డీ అమర్చుట. పళ్లెముల డిస్కు చెదురుమదురు కోరికలను సెకనునకు సుమారు నూరు తీర్చగా, సామాన్యమైన ఎస్ఎస్‌డీ వేలకొలది తీర్చును. 64 బిట్ల ప్రాసెసరు గల యంత్రమునకు ఈ రెండును చేసి, పైన చెప్పిన అమరికలు గూర్చినచో అది కార్యాలయపు పనులకు మరికొన్ని ఏండ్లు పనికివచ్చుటకు అవకాశము గలదు.

తగ్గింపరానివి

వేగము కొరకు కాపలాను తీసివేయరాదు. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అను రెండు లోపములు లోకమునకు వెల్లడి అయినవి. ప్రాసెసరు నిర్మాణములోనే యున్న ఆ లోపములచే ఒక కార్యక్రమము మరియొక దాని రహస్యమును పసిగట్టవచ్చును. వానికి విరుగుడుగా కెర్నెల్‌లో కాపుదల చేర్చిరి. ఈ కాపుదల పాత ప్రాసెసర్లను కొంత నెమ్మదింపజేయును. దానిని ఒక్క మాటతో తొలగించు వీలు కెర్నెల్‌లో ఉన్నది. ఆ మాటను చేర్చినచో వేగము పెరుగునని సలహా నిచ్చువారును ఉందురు.

ఏ నెట్‌వర్కుతోను సంబంధము లేక, పిల్లలు టైపు నేర్చుకొనుటకు మాత్రమే వాడు యంత్రము విషయమున ఆ సలహాను ఆలోచింపవచ్చును. కాని పింఛనుదారుల వివరములు, ఇంటి పన్ను లెక్కలు, చెల్లింపు సంతకములు గల కార్యాలయ యంత్రమున అట్లు చేయుట, దొంగ రాలేదు గదాయని తలుపు ఊడదీసి వంటచెరకు చేసికొనుట వంటిది. నష్టము పంచాయతీకే గాక, నమ్మి వివరములిచ్చిన నిరుపేదకు గూడ కలుగును.

సంరక్షణ ఎవరిది?

మరియొక ప్రశ్న ఇంతకన్న ముఖ్యము. కెర్నెల్‌లో దోషములు బయటపడుచునే యుండును, దిద్దుబాట్లు వెలువడుచునే యుండును. పంపిణీ వ్యవస్థ ఇచ్చు కెర్నెల్‌ను వాడువారికి ఆ దిద్దుబాట్లు అప్‌డేటుల ద్వారా చేరును. స్వయముగా తయారుచేసికొన్న కెర్నెల్‌కు అట్లు చేరవు. ప్రతి పర్యాయము ఎవరో ఒకరు క్రొత్త మూలపాఠమును తెచ్చి తిరిగి తయారుచేయవలెను. ఉత్సాహవంతుడైన యువకుడు నేడు చేసిపెట్టి రేపు ఉద్యోగార్థము పట్టణమునకు పోయినచో, ఆ యంత్రము దిక్కులేనిదగును.

కావున నియమమిట్లుండుట మేలు. పాఠశాలలో, గ్రంథాలయములో నేర్చుకొనుట కొరకు కెర్నెల్‌ను స్వయముగా తయారుచేయవచ్చును. అది యువకులకు గొప్ప విద్య. కార్యాలయపు యంత్రమున మాత్రము సంరక్షణ గల పంపిణీ కెర్నెల్‌నే వాడి, అమరికలతో సరిపెట్టుకొనవలెను. మనదేశపు సీ-డాక్ సంస్థ 2007లో విడుదల చేసిన బాస్ లినక్స్ మొదలగు వ్యవస్థలలో తెలుగు వ్రాత, తెలుగు తెరయు లభించును. కేరళ రాష్ట్రమున కైట్ సంస్థ పాఠశాలల కంప్యూటర్ల కొరకు లినక్స్ వ్యవస్థను సిద్ధపరచి 2019లో క్రొత్త ప్రతిని అందించినది. అచ్చట సంరక్షణ బాధ్యత ఒక సంస్థకు అప్పగింపబడుటయే మనము గ్రహింపదగిన విశేషము.

సభ్యులు చేయదగిన పనులు

పాత యంత్రము విషయము సమావేశమునకు వచ్చినపుడు ఈ క్రింది క్రమమును అనుసరింపవచ్చును.

1. ప్రాసెసరు రకము, బిట్లు, మెమరీ, డిస్కు రకము ఒక కాగితముపై వ్రాయించి సభ ముందుంచవలెను.

2. ఆ యంత్రము ఏ పనికి కావలెనో నిర్ణయింపవలెను. చెల్లింపుల పని వేరు, గ్రంథాలయములో చదువుకొను పని వేరు.

3. మార్పునకు ముందు సమాచారమంతటికి రెండు నకళ్లు తీయించి, వేర్వేరు చోట్ల భద్రపరుపవలెను.

4. లినక్స్‌ను యంత్రములో స్థాపింపకయే యూఎస్‌బీ పుల్ల నుండి నడిపి చూడవచ్చును. ప్రింటరు, వేలిముద్ర యంత్రము, డిజిటల్ సంతకపు టోకెను పనిచేయుచున్నవో లేదో అప్పుడే పరీక్షింపవలెను. టోకెను పనిచేయనిచో ఆ యంత్రమును చెల్లింపులకు వాడక, ఇతర పనులకు వాడవలెను.

5. క్రొత్త కెర్నెల్ నుంచునపుడు పాత కెర్నెల్‌ను తీసివేయరాదు. క్రొత్తది లేవకున్నచో, ఆరంభపు జాబితా నుండి పాతదానిని ఎన్నుకొనవచ్చును.

6. సంరక్షణ బాధ్యత ఎవరిదో తీర్మానములోనే వ్రాయవలెను.

7. యంత్రము నిజముగా పనికిరానిదని తేలినచో, డిస్కులోని సమాచారమును తిరిగి చదువ వీలులేకుండ తుడిపించి, 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న ఈ-వ్యర్థముల నిబంధనల ప్రకారము నమోదైన శుద్ధి సంస్థకు చేరవేయవలెను. పాత ఇనుము క్రింద అమ్మరాదు. అందలి సీసము మొదలగు లోహములు నేలకును నీటికిని చేటు.

కొన్ని యంత్రములు ఈ పరీక్షలో నెగ్గును, కొన్ని నెగ్గవు. ఒక గిగాబైటు మెమరీతో, 32 బిట్ల ప్రాసెసరుతో నున్న యంత్రమును నేటి బ్రౌజరు పనికి నిలుపుటకు చేయు ప్రయత్నము సాధారణముగా వృథా. రెండు, నాలుగు గిగాబైట్ల మెమరీతో, 64 బిట్ల ప్రాసెసరుతో నున్నదానిని పరీక్షింపకయే త్రోసివేయుటయు వృథాయే. రెండింటిలోను ఖర్చగునది గ్రామపు సొమ్ము. పాతదన్న మాటను గాని, క్రొత్తదన్న మాటను గాని ప్రమాణముగా గైకొనక, ఏమి చాలకున్నదో కనుగొని, చాలని దానిని మాత్రమే సమకూర్చుట వివేకము. చెరువు గట్టు మీద మన పెద్దలు అనుసరించిన నీతి ఇదియే. కార్యాలయములోని ఈ చిన్న యంత్రము విషయమున గూడ పంచాయతీ సభ్యులు దానినే పాటింతురుగాక.